‘గట్టి ప్రాణం’ జీన్స్‌లోనే ఉందా? ముందు నడక కొలుద్దాం

ఊళ్లో ఎవరైనా తొంభై దాటినా చకచకా నడుస్తుంటే ‘వాళ్ల వంశమే అంత, గట్టి ప్రాణం’ అంటాం. అరవైకే కర్ర పట్టుకున్నవాళ్లను చూసి ‘తలరాత’ అంటాం. ఇప్పుడు ఆ తలరాతకే జీన్స్ అని కొత్త పేరు పెట్టి డీఎన్ఏ టెస్టులు అమ్ముతున్నారు. సైన్స్ మాత్రం అంత మాట అనడం లేదు.

మనుషుల ఆయుష్షులో తేడాలకు వారసత్వం కారణమయ్యేది దాదాపు నాలుగో వంతేనని డెన్మార్క్ కవలలపై 1996లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇక పెద్ద వయసులో సత్తువ ఉడిగిపోవడాన్ని డాక్టర్లు ‘ఫ్రెయిల్టీ’ అంటారు. దీనికి 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. వీటిలో మూడు ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టే. జబ్బులు, ఇబ్బందులు అన్నీ కలిపి స్కోరు వేసి, బ్రిటన్, స్వీడన్‌లలో 1.75 లక్షల మంది డీఎన్ఏను పోల్చిన అధ్యయనం 2021లో వచ్చింది. ఈ స్కోరుతో సంబంధమున్న చోట్లు జీనోమ్‌లో 14 దొరికాయి. చూసిన జన్యు తేడాలన్నీ కలిపినా లెక్కకు వచ్చింది 11 శాతమే. పైగా వాళ్లంతా యూరప్ మూలాలవాళ్లు.

మన దగ్గర పని మొదలైంది. హైదరాబాద్ సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా 83 జనసమూహాల నుంచి పది వేల జీనోమ్‌ల డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. మంచిదే. కానీ డేటాషీట్‌లో జీనోమ్ ఒక కాలమ్ మాత్రమే. నడక వేగం ఎంత, చేతి పట్టు ఎంత, చిన్నప్పుడు ఏం తిన్నారు, ఎన్నేళ్లు ఏ పని చేశారు అన్న కాలమ్స్ ఖాళీగా ఉంటే ఏ అల్గారిథమ్ మాత్రం ఏం చెప్తుంది?

పాలమూరులో ఆ ఖాళీకి పెద్ద అర్థమే ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో నేటి తాతలు, అవ్వలు చాలామంది వలస లేబర్‌గా డ్యాముల దగ్గర, రోడ్ల మీద మట్టి మోసినోళ్లే. ఇప్పుడు పిల్లలు హైదరాబాద్, ముంబై, పుణెలలో ఉంటే, ఇంటి దగ్గర వాళ్ల నడక మందగించిందని గమనించేదెవరు? 2017-18లో 72 వేల మందితో చేసిన జాతీయ సర్వే ‘లాసీ’లో చేతి పట్టు, నడక వేగం రెండూ కొలిచారు. కానీ అది రాష్ట్రాల లెక్క చెప్తుంది, జిల్లాలది కాదు.

ఇప్పుడు మూడు జిల్లాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో మొదలయ్యాయి. ఒక టేపు, స్టాప్‌వాచ్, చేతి పట్టు కొలిచే చిన్న పరికరం చాలు. ఏటా అవే ఊళ్లలో అదే పెద్దవాళ్లను కొలవాలి. ‘డాక్టర్ల పని, మనకెందుకు’ అనకండి. ఆ డేటాను శుభ్రం చేసి విశ్లేషించడానికి పైథాన్, ఆర్, స్టాటిస్టిక్స్ తెలిసిన మన ఇంజినీర్లే కావాలి. బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

పండక్కి ఊరెళ్లినప్పుడు అవ్వను మామూలుగా ఆరు మీటర్లు నడవమనండి. ఆసియా నిపుణుల కొలత ప్రకారం ఆరు సెకన్లు దాటితే డాక్టర్‌కు చూపించాలి. పప్పు, గుడ్డు, కాళ్లకు బలమిచ్చే వ్యాయామంతో కొంత సత్తువ తిరిగొస్తుంది. డీఎన్ఏ టెస్టు డబ్బులు వాటికి పెట్టండి.