తూనికరాయికి ముద్ర



అంగడిలో పప్పు కొనునపుడు మనము తక్కెడవంక జూతుము. తూనికరాయిపై సర్కారు ముద్ర గలదా యని పరికింతుము. ఆ ముద్ర పప్పుధరను నిర్ణయింపదు. వర్తకుని లాభమును హరింపదు. రాయి సరియైనదని మాత్రమే చెప్పును. అది యుండుటచేతనే ఎరుగని యంగడికి గూడ ధైర్యముగా బోవుచున్నాము. మంచివర్తకునికి బేరము పెరుగుచున్నది. ధనపు బజారునకును ఇట్టి ముద్రయే కావలెను.

నేడు గృహిణుల పొదుపుసొమ్ము పెట్టెలోనే యుండుట లేదు. షేరులకును మ్యూచువల్ ఫండులకును బోవుచున్నది. కావున ఆ బజారు కట్టుబాట్లు మగవారి ముచ్చటలని మన మూరకుండరాదు.

మన దేశమున ఈ బజారును గనిపెట్టునది సెబీ. ఈ సంస్థ 1988లో నేర్పడినను, చట్టబద్ధమైన యధికారము దానికి 1992లో గలిగినది. ఆ యేటనే బ్యాంకుల సొమ్ము అక్రమముగా షేరుబజారునకు మళ్లిన పెద్ద మోసము బయటపడెను. అటుపిమ్మట పెక్కు నియమములు వచ్చినవి. ప్రతి నియమమును వర్తకుని కంటితో బరీక్షింపవలెను: దీనికి వ్యయ మెంత? ఫల మెంత? ఆ వ్యయము నెవరు భరించుచున్నారు?

మొదటి సూత్రము: కొనువారి సొమ్ము పరులచేతిలో నూరక నిలువరాదు. పూర్వము కొత్త షేరులకు దరఖాస్తు చేసినచో, అవి దక్కినను దక్కకున్నను సొమ్ము ముందుగానే చెల్లింపవలసి యుండెడిది. 2008లో ఆస్బా పద్ధతి వచ్చెను. ఇందు సొమ్ము మన బ్యాంకు ఖాతాలోనే నిలిచి, షేరులు దక్కిననే కదలును. 2023 జనవరి నుండి షేరు లమ్మిన సొమ్ము మఱుసటి పనిదినముననే చేరుచున్నది. ఇందువలన నిజాయితీగల వర్తకునికి నష్టమేమియు లేదు.

రెండవది: సలహాకు కూలి యెవరిచ్చుచున్నారో తెలియవలెను. 2009 ఆగష్టునకు పూర్వము మ్యూచువల్ ఫండులో వేసిన సొమ్మునుండి ప్రవేశరుసుము కోసెడివారు. సెబీ దానిని రద్దుచేసెను. అట్లయిన చిన్న యూళ్ళకు బోయి చెప్పువా రుండరని కొందఱు వాదించిరి. అందును గొంత న్యాయము గలదు. కూలి లేక పనిచేయువా డెవడు? కాని చాటుగా గోసికొనుటకంటె ఎదుట నడిగి తీసికొనుట మేలు.

మూడవది కష్టమైన ప్రశ్న. ముద్ర వేసినను జనము మోసపోయినచో నేమి చేయవలెను? ఫ్యూచర్సు, ఆప్షన్సు అను బేరములలో పదిమందికి తొమ్మండుగురు నష్టపోవుచున్నారని 2023 జూలై నుండి బ్రోకర్లు తమ ఖాతాదారులకు జూపవలసి వచ్చినది. అయినను 2021–22లో 51 లక్షలుగా నున్న యీ బేరగాండ్రు 2023–24 నాటికి 96 లక్షలైరి. ఆ మూడేండ్లలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలను మించెననియు 2024లో సెబీయే ప్రకటించెను. ఆ యేటి నవంబరునుండి కొత్త సూచీ బేరముల కనీసపు విలువను 15 లక్షల రూపాయలకు బెంచిరి.

ఇది చిన్నవారిని అంగడినుండి గెంటుటయే యని కొందఱందురు. నూతియొద్ద లోతెంతయో బల్లపై వ్రాసియుంచుట మంచిదే. కాని పిల్లలు తిరుగు చోట పిట్టగోడయు గట్టవలెను. అట్లని నూతిని పూడ్చరాదు. పంట, సరకు, షేరుల ధరలు పడిపోవునను భయమున్నవారికి ఈ బేరములే రక్షణ. గోడ యెత్తు సరిపోయినదా, మించినదా యని యేటేట లెక్క చూచి, పనికిరాని నియమమును దీసివేయుట ప్రభుత్వపు విధి.

సోదరీమణులు సంతకము చేయుటకు ముందు మూడు మాట లడుగవలెను: అందాక నా సొమ్ము ఎవరియొద్ద నుండును? నీకు కూలి యిచ్చువా రెవరు? ఇట్టి బేరమున నెందఱు నష్టపోయిరి? వీనికి సూటిగా బదులు చెప్పని యంగడినుండి సంచి మడిచికొని మరలుటయే యుత్తమము.