మెగాపిక్సెళ్ళ మోజు - మసక ఫోటోల గోడు

పెళ్ళి బట్టలకు పత్తర్‌గట్టీ, గాజులకు లాడ్‌బజారు వెళ్ళే పల్లెవాసుల జాబితాలో యిప్పుడు కెమెరా కూడా చేరింది. ఊళ్ళో చిన్న స్టూడియో పెట్టుకుని నాలుగు రాళ్ళు సంపాదించుకోవాలనుకునే కుర్రవాళ్ళు పాతబస్తీలో పని చూసుకుని, నయాపూల్ దాటి కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్తున్నారు. గురువారమైతే పురానాపూల్ వద్ద జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల మధ్య వెదికేవారూ వున్నారు. ఎక్కడికి వెళ్ళినా వారు ముందుగా అడిగేది ఒక్కటే: "ఎన్ని మెగాపిక్సెళ్ళు?"

అప్పు తెచ్చిన డబ్బు అక్కడే దారి తప్పుతోంది.

లెక్క వేసి చూస్తే సంగతి తేలిపోతుంది. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు వుండే మామూలు ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి 1800ను 1200తో గుణిస్తే వచ్చే 21 లక్షల 60 వేల చుక్కలు చాలు. అంటే రెండు మెగాపిక్సెళ్ళ పైచిల్లర. ఆల్బంలో 12 అంగుళాల పేజీకైనా తొమ్మిది మెగాపిక్సెళ్ళు మించవు. పదేళ్ళనాటి కెమెరాలోనే యింతకు రెట్టింపు వుంటుంది. ఆపై అంకె ఎంత పెరిగినా ఫోటో పెద్దదవుతుంది గాని స్ఫుటం కాదు.

పిక్సెల్ అన్న మాటే పుట్టని కాలంలో యీ నగరంలో తీసిన ఫోటోలు నేటికీ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫరుగా వున్న రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో జనానా స్టూడియో కూడా నెలకొల్పారు. ఆయన వాడినవి పెద్ద పెద్ద గాజు పలకలు. కెమెరాను కదలకుండా మూడుకాళ్ళ స్టాండు మీద నిలిపేవారు. పలక పెద్దది, కటకం మంచిది, కెమెరాకు కదలిక లేదు. స్ఫుటత్వం అంతా అక్కడే వుంది. మన యిళ్ళలో ఒకనాడు తిరిగిన అగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరా కూడా ఆరు సెంటీమీటర్ల చదరపు ఫిల్ము మీద తీసేది కాబట్టే ఆ కాస్త కటకంతోనూ ముఖాలు ఆనవాలు పట్టేవి.

నేటి కెమెరాలో ఆ పలక స్థానంలో వున్నది సెన్సార్. చౌకగా దొరికే చాలా జేబు కెమెరాలలో యిది సుమారు ఆరు మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర వెడల్పు. కానన్ 1500డి వంటి డి.ఎస్.ఎల్.ఆర్.లో సుమారు 22 పొడవు, 15 వెడల్పు. పన్నెండు రెట్ల విస్తీర్ణం. రాత్రిపూట ట్యూబులైట్ల వెలుగులో జరిగే ముహూర్తానికి యీ తేడాయే ప్రాణం. తయారీదారులు మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళడంతో పాత డి.ఎస్.ఎల్.ఆర్.లు సెకండ్ హ్యాండులో అందుబాటు ధరకు వస్తున్నాయి. తక్కువ డబ్బున్నవారు చూడవలసింది వాటినే.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సు గుంపు ఫోటోలకు పనికొస్తుంది. అయితే ముందుకు లాగేకొద్దీ వెలుతురు తగ్గిపోతుంది. 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు అదే చోట తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు తీసుకుంటుంది. యిరుకు గదిలో మాత్రం వెనక్కు జరిగే చోటుండదు, అది వేరే యిబ్బంది. డిజిటల్ జూమ్ అని చెప్పేది ఫోటోను కత్తిరించి సాగదీయడమే. దానికి పైసా యివ్వనక్కరలేదు.

ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు గోడకు తగిలించే పటం కోసం ఎప్పటి పెళ్ళి ఆల్బంలోనో గుంపులో నుంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించడం పల్లెల్లో మామూలే. అక్కడ పిక్సెళ్ళు కొంత అక్కరకొస్తాయన్నది నిజమే. కాని తీసేటప్పుడే చెయ్యి వణికి చెదిరిన ముఖాన్ని 50 మెగాపిక్సెళ్ళు కూడా బాగుచేయలేవు. ఆ మనిషిని మళ్ళీ పిలిచి కూర్చోబెట్టేదెలా?

కొనేముందు సొంత మెమరీ కార్డు తీసుకువెళ్ళాలి. దినపత్రిక పేజీని గోడకు అంటించి ఫోటో తీసి, కంప్యూటరులో పెద్దది చేసి నాలుగు మూలల్లోని అక్షరాలు చదవాలి. లెన్సు గుండా టార్చి వేస్తే బూజు తీగల్లా కనబడుతుంది. రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఆకాశాన్ని తీస్తే సెన్సారు మీది దుమ్ము నల్ల చుక్కలై బయటపడుతుంది. షట్టరు ఎన్ని వేలసార్లు కొట్టిందో అడిగి తెలుసుకోవాలి. యింత చూడనివ్వని దుకాణం మెట్లు దిగిపోవడమే మేలు. యింటి ముచ్చట్లకు మాత్రమే కావాలనుకునేవారికి పగటి వెలుతురులో చేతిలోని ఫోను చాలు. అప్పుచేసి కెమెరా కొనడం దండగ.

ఇక బిల్లు సంగతి. డిజిటల్ కెమెరాలపై జి.ఎస్.టి.ని 2019 జనవరి నుంచి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించారు. అయినా ఆ 18 శాతం మిగులుతుందని బిల్లు లేకుండా కొత్త కెమెరా పట్టుకొచ్చేవారు వున్నారు. బిల్లు లేకపోతే వారంటీ అడిగే నోరుండదు. పాత కెమెరా దొంగసొత్తని తేలితే వస్తువూ, డబ్బూ రెండూ పోతాయి, ఠాణా చుట్టూ తిరగడం అదనం. పాత సరుకు అమ్మే వర్తకులు కాగితం మీద కెమెరా నంబరు, లెన్సు నంబరు రాసి సంతకం చేసి యివ్వాలి. దూరపు పల్లెల నుంచి బస్సెక్కి వచ్చినవారికి నచ్చకుంటే తిరిగి యివ్వడానికి కనీసం వారం గడువు కూడా యివ్వాలి.