తూర్పు ఇటాలియన్ సరే, మరి కోయ?

ఇటలీ వెళ్లొచ్చిన మనవాళ్ల వ్యాసాల్లో రెండు ఖాయం: ఎస్ప్రెస్సో, ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’. ఆ రెండోదానితోనే నా పేచీ.

మాది కొత్తగూడ. ఇంట్లో కోయ మాట్లాడతం. ఎక్స్‌చేంజ్ విద్యార్థిగా ఒక సెమిస్టర్ బోల్జానోలో ఉన్నాను. అక్కడ వీధి పేర్లు ఇటాలియన్‌లో, జర్మన్‌లో. దగ్గర్లోని లోయల్లో మూడో భాష లదీన్. మాట్లాడేది కొన్ని పదుల వేల మందే. అయినా బడిలో పాఠం ఉంది, 1999 నాటి 482వ చట్టం రక్షణ ఉంది. ఇదేం ఇటలీ మంచితనం కాదు. ముస్సోలినీ కాలంలో అక్కడ జర్మన్ బడులు మూయించిందీ ఆ రాజ్యమే. జనం కొట్లాడి తెచ్చుకున్నరు.

మన దగ్గర? 2011 లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైనే. ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలనే 350ఏ అధికరణం మాత్రం 1956 నుంచీ ఉంది. ‘కోయ వాచకాలు అచ్చేశాం కదా’ అంటారు. పుస్తకం తనంతట తాను పాఠం చెప్పదు, కోయ వచ్చిన టీచర్ కావాలి. తెలుగు అర్థంకాక నోరు మూసుకున్న పిల్లకి మీరు పెట్టిన పేరు ‘వెనకబాటు’.

తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, తీయగా ఉంటాయి. ఒప్పుకుంటా. కానీ పోల్చాల్సింది తెలుగుని ఇటాలియన్‌తో కాదు. లదీన్‌కి వాళ్లు ఇచ్చినదాన్ని, కోయకి మీరు ఇచ్చినదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.