ఇంటి ఆరోగ్యము: వాడిన నీరు

తెలుగు కుటుంబములు కాపురమున్న అమెరికాలోని పార్సిప్పనీ సరిహద్దున, రాకవే నదిపై ఆనకట్ట కట్టి నిలిపిన బూన్టన్ జలాశయము కలదు. 1904 నుండి జెర్సీ సిటీకి త్రాగునీరు అచ్చటినుండియే పోవుచున్నది. ఎగువ యూళ్ల మురుగు కలియుచుండుటచే నీరు శుద్ధముగా లేదని నగరమువారు నీటి కంపెనీపై వ్యాజ్యము వేసిరి. మురుగుకాలువలు కట్టించుట మిక్కిలి వ్యయము గావున, కంపెనీ పక్షమున డాక్టరు జాన్ లీల్ 1908 సెప్టెంబరు 26వ తేదీ మొదలు నీటిలో కొంచెము బ్లీచింగు పొడి కలిపించెను. ఆ దేశమున ఒక నగరపు నీటికి ఎడతెగక ఇట్లు చేయుట అదియే ప్రథమము. త్రాగువారికి మేలు కలిగెను, సందేహము లేదు. నదికేమి కలిగెను? మురుగు వచ్చి పడుట పొడివలన ఆగదు గదా!

మన లైన్ల వాగు నీటినే దిగువ లైన్లవారును వాడుదురు. కావున మురికిని పుట్టినచోటనే ఆపవలెను. స్నానపు నీటిని, అంట్లు తోమిన నీటిని మొదట చిన్న గుంటలో నిలిపి, జిడ్డు తేలినపిమ్మట గులకరాళ్లు, ఇసుక నింపిన గుంటగుండ అరటిపాదులకు పారింపుడు. మట్టిలోని సూక్ష్మజీవులు మలినమును హరించును. అందలి సారము చెట్టునకు దక్కును. వేసవిలో మంచినీరు మిగులును. పచ్చిగా తిను కూరలకు ఈ నీరు పనికిరాదు. మరుగుదొడ్డి నీటిని ఇందు కలుపనే కూడదు. గుంట బావికి దూరముగ, పల్లమున నుండవలెను. చిన్న గుంటపై మూత లేనిచో దోమలు పెరుగును. జిడ్డును వారమున కొకసారి తీసి పాతిపెట్టుడు. లేనిచో రాళ్ల సందులు పూడి నీరు వాకిటికే పొర్లును.