ఒరేయ్, ఇందులో పేజీ నంబర్లేవిరా?

ఫోన్ రివ్యూ అంటే చాలు, డిస్‌ప్లే 120 హెర్ట్జా కాదా అని కామెంట్లలో కొట్టుకుంటాం. స్క్రోల్ ఎంత స్మూత్‌గా ఉందో స్లో మోషన్‌లో వీడియో తీసి మరీ చూపిస్తాం. ఆ స్క్రోల్ మీదే నాకిప్పుడు కోపం. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిక పట్టండి.

మాది కోదాడ. మా బాబాయి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. వానాకాలం వడ్లు మొదలైతే ఆయనకు తిండికి కూడా తీరిక ఉండదు. ట్రాక్టర్ వచ్చిందా, బండి నంబర్, రైతు పేరు, ఊరు, తేమ శాతం, కాంటా బరువు, అన్నీ పుస్తకంలో రాయాలి. "కంప్యూటర్ చదివావు కదా, ఫోన్‌లో రాసుకునేట్టు ఏదన్నా చెయ్యరా" అన్నాడు. నేను వారం రోజుల్లో రియాక్ట్‌తో ఒక వెబ్ యాప్ చేసిచ్చాను. కార్డులు, యానిమేషన్, డార్క్ మోడ్, కిందికి లాగేకొద్దీ ఇరవై ఇరవై ఎంట్రీలు వచ్చి పడే ఇన్ఫినిట్ స్క్రోల్. చూడటానికి ఇన్‌స్టాగ్రామ్‌లాగే ఉంది. నా ఫ్రెండ్స్ అందరూ సూపర్ అన్నారు. వాళ్లలో ఒక్కడు కూడా వడ్ల లెక్క రాసేవాడు కాదు, అది వేరే విషయం.

రోజుకు దాదాపు 120 ఎంట్రీలు పడ్డాయి. ఇరవై రోజుల తర్వాత సూర్యాపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తన లెక్కలో బరువు తక్కువ పడిందని, డబ్బులు తేడా వచ్చాయని ఆయన మాట. పాత ఎంట్రీ చూపిస్తే తేలిపోతుంది. ఆ ఎంట్రీ పైనుంచి చూస్తే 2,400 ఎంట్రీల కింద ఉంది, అంటే అడుక్కి పోవాలంటే 120 సార్లు లోడ్ అవ్వాలి. బాబాయి బొటనవేలితో లాగుతూనే ఉన్నాడు. ఆయనది 4 జీబీ ర్యామ్ ఫోన్. మధ్యలో కాల్ వచ్చింది, మాట్లాడి వచ్చేసరికి క్రోమ్ ఆ ట్యాబ్‌ని మెమరీలోంచి తీసేసింది. పేజీ మళ్లీ లోడ్ అయి మొదటికొచ్చింది. రెండోసారీ అంతే. పెద్దాయన రెండు టీలు తాగి, "వీళ్లు కావాలనే దాస్తున్నరు" అన్నట్టు చూడటం మొదలుపెట్టాడట. చివరికి బాబాయి అలవాటు కొద్దీ పక్కన రాసుకున్న పుస్తకం తీశాడు. 47వ పేజీ. ఒక్క నిమిషం. తేడా నిజమే, రైతుదే రైటు.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి అడిగిన మాటే ఈ ఆర్టికల్ టైటిల్.

"సెర్చ్ బాక్స్ పెట్టొచ్చు కదా బ్రో" అని మీలో సగం మంది అనుకుంటున్నారని తెలుసు. పెట్టాను. ట్రాక్టర్‌కు ఒక నంబరు, వెనక ట్రాలీకి ఇంకో నంబరు. ఒకరోజు ఇది రాశారు, ఇంకోరోజు అది. పేరు ఇంగ్లిష్‌లో ఒక్కో గుమాస్తా ఒక్కో స్పెల్లింగ్ కొట్టాడు. సెర్చ్ చెయ్యాలంటే ఏం రాశారో ముందే తెలిసుండాలి. పేజీలు తిప్పడానికి అది అక్కర్లేదు, సుమారుగా ఎప్పుడు జరిగిందో గుర్తుంటే చాలు. మన మెదడు చాలావరకు ఈ రెండో పద్ధతిలోనే వెతుకుతుందని నా అభిప్రాయం.

సరే అని కింద 1, 2, 3, తర్వాత, చివరిది అని లింకులు పెట్టాను. పని అయిపోయిందనుకున్నా. రెండు రోజుల్లో మళ్లీ ఫోన్. "నిన్న 12లో చూసింది ఇవ్వాళ 12లో లేదేందిరా?" నిజమే. కొత్త ఎంట్రీలు పైన చేరుతుంటే పాతవి కిందికి జరుగుతాయి. పేజీకి ఇరవై చొప్పున రోజుకు ఆరు పేజీలు జరుగుతాయి, అంటే నిన్నటి 12 ఇవ్వాళ 18. పుస్తకంలో పేజీ నంబర్ ఒకసారి పడితే మారదు. నేను పెట్టిన నంబర్ పేరుకే పేజీ నంబర్. ఆయన 12 చూస్తుండగా కొత్త బండి ఎంట్రీ పడితే, 13 నొక్కినప్పుడు 12లోని చివరి ఎంట్రీ మళ్లీ కనపడుతుంది. డబ్బుల లెక్కలో ఒకే ఎంట్రీ రెండుసార్లు కనపడటం అంటే ఏమిటో మిల్లు ఓనర్ నాకు వివరంగా చెప్పాడు. ఆ భాష ఇక్కడ రాయలేను.

డేటాబేస్ వైపు నుంచి చూసినా ఇది మంచి పద్ధతి కాదు. లిమిట్ 20 ఆఫ్‌సెట్ 2000 అని అడిగితే డేటాబేస్ ముందు 2,000 వరుసలు దాటుకుంటూ వెళ్లి, వాటిని పక్కన పడేసి, తర్వాతి 20 ఇస్తుంది. లోపలికి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. దాని బదులు "ఫలానా తేదీ, ఫలానా ఐడీ కంటే ముందువి 20 ఇవ్వు" అని అడిగితే ఇండెక్స్ పట్టుకుని నేరుగా అక్కడికే పోతుంది. దీన్నే కీసెట్ పేజినేషన్ అంటారు. నేను చివరికి నంబర్లు తీసేసి తేదీల లింకులు పెట్టాను. పైన నెలలు, కింద ఆ నెలలోని రోజులు, రోజు లోపల ముందు, తర్వాత. నవంబర్ 14 ఎప్పటికీ నవంబర్ 14నే.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదట నేను పెట్టినవి అసలు లింకులే కాదు. డివ్ ట్యాగ్‌కి ఆన్‌క్లిక్ తగిలించాను. నొక్కితే పనిచేస్తుంది కానీ అడ్రస్ బార్‌లో ఏమీ మారదు. లాంగ్ ప్రెస్ చేస్తే "కొత్త ట్యాబ్‌లో తెరువు" రాదు. ఆ రోజు లెక్కను ఓనర్‌కు వాట్సాప్‌లో పంపాలంటే స్క్రీన్‌షాటే గతి. అన్నిటికంటే ఘోరం బ్యాక్. ఆండ్రాయిడ్ 10 నుంచి అంచు మీద స్వైప్ చేస్తే వెనక్కి పోవడం మనకు అలవాటైపోయింది. బ్రౌజర్ హిస్టరీలో ఏమీ రాయని యాప్‌లో ఆ స్వైప్ చేస్తే వెనక పేజీకి రాదు, యాప్‌లోంచే బయటికి తోసేస్తుంది. మామూలు యాంకర్ ట్యాగ్, హెచ్‌రెఫ్‌లో తేదీ పెడితే ఈ తలనొప్పులన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. నొక్కే చోటు సైజు కూడా చూసుకోండి. ఆండ్రాయిడ్ గైడ్‌లైన్ 48 డీపీ అంటుంది. వడ్ల దుమ్ము పట్టిన వేళ్లకు అంతకంటే చిన్నది అందదు.

ఇన్ఫినిట్ స్క్రోల్‌ని 2006లో తయారు చేసిన అజా రాస్కిన్ తర్వాతి కాలంలో దాని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. గూగుల్ సెర్చ్ కూడా 2021లో మొబైల్‌లో, 2022 చివర్లో డెస్క్‌టాప్‌లో కంటిన్యువస్ స్క్రోల్ తెచ్చి, 2024లో తీసేసి మళ్లీ పేజీల పద్ధతికొచ్చింది. టైంపాస్‌కి రీల్స్ చూసేవాడికి అడుగు లేని బావి ఓకే. పని మీద వచ్చినవాడికి మెట్లు కావాలి.

అలాగని పేజీలు పెడితే చాలని కూడా కాదు. తెలంగాణ 33 జిల్లాలను ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేజీకి పది చొప్పున పెట్టి చూడండి. నల్గొండ 20వది, రెండో పేజీలో అట్టడుగున. సూర్యాపేట 29వది, మూడో పేజీలో చివరి నుంచి రెండోది. 2016 అక్టోబర్ 11 దాకా కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడూ నల్గొండ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మిర్యాలగూడ ఒక్కటే అక్కడ మిగిలింది. మా ఇంట్లో పాత కాగితాల మీద కోదాడ పక్కన నల్గొండ అనే ఉంటుంది. ఎవరైనా పెద్దవాళ్లు ఆ కాగితం పట్టుకుని ఫోన్‌లో ఊరు వెతికితే ముందు తప్పు జిల్లాలోకే పోతారు. ముప్పై మూడు పేర్లకు పేజీలెందుకు, ఒక్క స్క్రీన్ మీద పెట్టేయండి. లోపలికి పోయాక పైన "సూర్యాపేట › కోదాడ › ఊరు" అని నొక్కగలిగే లింకులు ఉంచండి. తప్పు దారిలో పోయినవాడు మొత్తం మొదటి నుంచి కాకుండా ఒక మెట్టు మాత్రమే వెనక్కొస్తాడు.

"బ్యాక్ నొక్కకండి, రిఫ్రెష్ చేయకండి" అనే ఎర్ర అక్షరాల వార్నింగ్ చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. చాలాచోట్ల అది ఫారం సబ్మిట్ అయ్యాక వేరే పేజీకి రీడైరెక్ట్ చేయకుండా వదిలేసిన డెవలపర్ పని. ఆ బద్ధకానికి భయపడాల్సింది నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి కూర్చున్న మనిషా?

ఇకనుంచి నేను ఏ యాప్ రివ్యూ చేసినా మూడు పనులు ముందు చేస్తా: లోపలికి నాలుగు పేజీలు పోయి బ్యాక్ స్వైప్ చేయడం, ఆ పేజీ లింక్ ఇంకో ఫోన్‌కు పంపి తెరవడం, మధ్యలో కాల్ మాట్లాడి వచ్చి ఎక్కడున్నానో చూడటం. ఇవి ఫెయిలైతే యానిమేషన్ల గురించి ఒక్క ముక్క కూడా రాయను.

బాబాయి ఇప్పుడు యాప్ వాడుతున్నాడు. పుస్తకం మాత్రం పక్కనే ఉంది, ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఎప్పుడు మానేస్తావని అడిగితే, "ఇంకో సీజన్ చూద్దాం లేరా" అన్నాడు.