సుగ్గికి ఎందుకు పోతారని అడక్కండి

కోసిగిలో మందుల షాపు నడిపేవాడికి ఊళ్లో ఎవరున్నారో, ఎవరు లేరో తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. దసరా దాటి పత్తి పగిలే రోజులొస్తే కొన్ని వీధుల్లో తలుపులకు తాళాలు పడతాయి. సంక్రాంతి వెళ్లి మిరప కోతలు మొదలైతే ఇక చెప్పేదేముంది? గిన్నెలూ జొన్నపిండీ గోనెసంచుల్లో కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు బండ్లెక్కుతాయి. దీన్ని మేం సుగ్గి అంటాం. ఆ నెలల్లో నా షాపు మెట్లెక్కేది ఎక్కువగా ముసలివాళ్లే.

అక్షరాస్యతలో రాష్ట్రంలో బాగా వెనకబడిన మండలాల్లో మాదొకటి. ఈ పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు. బీపీ మాత్రా తెల్లగానే ఉంటుంది, షుగరు మాత్రా తెల్లగానే ఉంటుంది. కవరు మీద ఎప్పుడేది వేసుకోవాలో రాసిస్తే ఎవరికి ఉపయోగం? పొద్దున వేసుకునే షీటు మీద స్కెచ్‌పెన్నుతో ఒక ఎర్ర గీత గీస్తాను, రాత్రి వేసుకునేదానికి రెండు నల్ల గీతలు. ఇంటికి పోయేలోపు మరిచిపోతారని ఇంకోసారి చెప్పించుకుంటాను.

"నెలైంది కదవ్వా, మాత్రలకు ఎందుకు రాలేదు?" అని ఒకామెను అడిగాను.

"పిల్లోల్లు సుగ్గికి పాయిరి నాయనా. నన్ను ఈడికి తోల్కొచ్చేటోల్లు ఎవురు?"

మాత్రలు మానేసిందని ఆమె అప్పటికే ఒక ఆసుపత్రిలో చీవాట్లు తిని వచ్చింది. తిట్టినాయనకు ఆ ఇంటి తాళం కనబడలేదు, అంతే. ఇప్పుడు బండెక్కే కొడుకులకే ముందుగా చెబుతున్నాను: డాక్టరు చీటీ తెచ్చి, తిరిగొచ్చేదాకా సరిపడా మందులు ఇంట్లో పెట్టి పోండని.

పిల్లల చదువులు పాడుచేసుకుని ఎందుకు పోతారని మాకు బుద్ధులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. తుంగభద్ర మాకు దగ్గరే. కానీ కాలువ నీళ్లు అందని మెట్ట పొలాలే ఎక్కువ. ఆదోని మార్కెట్‌కు పత్తి చేరాక ఆ పొలాల్లో పనేముంటుంది? ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైంది మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అయినా అప్పు తీరాలంటే, బిడ్డ పెళ్లి చేయాలంటే గుంటూరు కూలే దిక్కని మావాళ్లు లెక్కేసుకున్నారు. ఆ లెక్క తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఎదుటివాడి కష్టం అర్థమైందనడానికి గుర్తు, మనం పెట్టుకున్న రూలు అతని కోసం కాస్త సడలడం. 2024 డిసెంబరు నుంచి పింఛను విషయంలో అలాంటి మార్పు ఒకటి వచ్చింది. వరుసగా రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తున్నారు. నాలుగు వేల పింఛను కోసం గుంటూరు నుంచి ఛార్జీలు పెట్టుకుని నెలనెలా పరుగెత్తాల్సిన పని తప్పింది. ఎవరు ఆలోచించారో గానీ వాళ్లకు సుగ్గి తెలుసు. అదే 1979లో వలస కూలీల కోసం చేసిన చట్టం చూడండి, రాష్ట్రం దాటిపోయేవాళ్లకే వర్తించింది. కోసిగి నుంచి గుంటూరుకు పోయినవాడు దాని లెక్కలో వలస కూలీయే కాదు!

వలస పోయేవాళ్ల పిల్లల కోసం బడుల్లో తెరిచే సీజనల్ హాస్టళ్ల సంగతీ అంతే. పిల్లాడు బండెక్కాక తెరిస్తే అది ఎవరికి? దసరా సెలవులు అయిపోయేసరికి అక్కడ పొయ్యి వెలగాలి, రాత్రి పడుకోవడానికి చాపలుండాలి. వార్డెన్ పేరు ముందే తెలిస్తే తల్లి నమ్మి వదిలిపోతుంది.

ఇక పల్నాడు, గుంటూరు రైతన్నలకు ఒక మాట. మిరప ధర పడితే మీ గుండె ఎలా జారుతుందో మాకూ తెలుసు. జనవరి వస్తే మావాళ్లు మీ చేల గట్ల మీద పట్టలేసుకుని దిగుతారు. తాగడానికి మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగు, పసిపిల్లలకు నీడ చూడండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు కనబడితే బుట్ట చేతికివ్వకండి, మీ ఊరి బడి పంతులుగారికి ఒక మాట చెప్పి కూర్చోబెట్టించండి. సొంతూరు వదిలి ఎందుకొచ్చారని మాత్రం అడక్కండి. మీ కాయ కోయడానికే వచ్చారు.