బండి వచ్చింది, చదువు రావాలి

108 అంటే తెలియని ఇల్లు మన వైపు దాదాపు లేదు. ఆంధ్రలో ఈ బండ్లు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి, మన ఒడిశాకి 2013లో వచ్చాయి. వాటి వల్ల నిలబడ్డ ప్రాణాల గురించి ఊరూరా చెప్పుకుంటూనే ఉంటారు. కానీ ఒకటి గమనించారా? ఎవరికైనా బాగోలేదంటే మనం అడిగేది "బండి వచ్చిందా?" అని. వచ్చిందంటే హమ్మయ్య అనుకుంటాం. ఆ బండిలో కూర్చున్న మనిషికి ఏం నేర్పారు, దారిలో రోగి పరిస్థితి మారిపోతే ఆ మనిషి ఎవరిని అడగాలి, దానికి బాధ్యత ఎవరిది అన్నది మాత్రం మనం అడగం.

ఈసారి గోడపత్రికలో నేను అడగాలనుకున్నది అదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆస్పత్రిలో చేసే వైద్యానికి చదువున్నట్టే, దారిలో చేసే వైద్యానికి కూడా డాక్టర్లకి ప్రత్యేకమైన చదువు ఉండాలి. ఆ చదువు పెద్ద పట్నాల్లోనే ఆగిపోకుండా కోరాపుట్, రాయగడ లాంటి కొండ జిల్లాల్లో కూడా జరగాలి.

"డాక్టరైతే చాలదా, దారికి మళ్ళీ వేరే చదువేంటి?" అని మీరు అనొచ్చు. ఆస్పత్రిలో డాక్టరుగారి చుట్టూ నర్సులుంటారు, లైటుంటుంది, రక్తం తెప్పించుకునే వీలుంటుంది. బండిలో ఉండేది ఇద్దరే. ముందు బండి నడిపే పైలట్, వెనకాల రోగి పక్కన కూర్చునే ఇ.ఎం.టి. ఈ ఇ.ఎం.టి. డాక్టరు కాదు. ఏ లక్షణానికి ఏం చెయ్యాలి, ఏ మందు ఎంత ఇవ్వాలి అని ముందే రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది, దాని ప్రకారం చేస్తాడు. అనుమానం వస్తే కాల్ సెంటర్లో ఉన్న డాక్టరుకి ఫోన్ చేస్తాడు. అంటే దారిలో జరిగే వైద్యమంతా ఆ రాతలోనూ ఆ ఫోన్లోనూ ఉందన్నమాట. మరి ఆ రాత రాసినవాళ్ళు, ఆ ఫోన్ ఎత్తేవాళ్ళు ఎప్పుడైనా రోగితో పాటు ఘాట్ రోడ్డు దిగి చూశారా? చూసి తీరాలని ఏ చదువైనా వాళ్ళకి చెప్పిందా?

మనకి బాగా తెలిసిన రెండు కష్టాలు తీసుకుందాం.

మొదటిది కట్లపాము. నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రిపూట కరుస్తుంది. నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అంటారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోవచ్చు. విరుగుడు మందు ఆస్పత్రిలో ఎక్కిస్తారు, నిజమే. కానీ ఆగిపోయే ఊపిరి ఆస్పత్రి దాకా ఆగుతుందా? ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, చేత్తో సంచి నొక్కుతూ గాలి అందిస్తే మనిషి నిలబడతాడు. అది గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. మలుపుల్లో కూడా చెయ్యి ఆపకూడదు. ఒక్క మనిషి ఎంతసేపని నొక్కుతాడు? తోడొచ్చిన అన్నయ్యకి అప్పటికప్పుడు ఎలా నేర్పాలి? ఇవన్నీ దారి మీద ఆలోచించిన డాక్టరు మాత్రమే రాసిపెట్టగలిగిన సంగతులు.

రెండోది కాన్పు. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఎంత ఆరోగ్యంగా ఉన్న తల్లికైనా రెండు గంటల్లోపే ప్రాణం మీదికి రావచ్చు. గర్భసంచి గట్టిపడడానికి ఆక్సిటోసిన్ సూది వేస్తారు. ఆ మందుని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఆస్పత్రిలో ఫ్రిజ్ ఉంటుంది. మరి మే నెల ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డ బండిలో? చల్లదనం చూసుకోకపోతే సూది వేసినట్టు కాగితం మీద టిక్ పడుతుంది, లోపల మందు మాత్రం బలం తగ్గిపోయి ఉంటుంది. మిసోప్రోస్టాల్ మాత్రలకి ఫ్రిజ్ అక్కర్లేదు. ఏ బండిలో ఏది పెట్టాలి, ఎన్ని రోజులకి మార్చాలి అన్నది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. ఒక తల్లి ఇంటికి తిరిగి రావడం రాకపోవడం దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇలాంటి వాటిని ఒక శాస్త్రంగా నేర్పే చదువు లోకంలో లేకపోలేదు. అమెరికాలో 2010లో దీన్ని వైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా గుర్తించారు. 2013లో మొదటి పరీక్ష పెట్టారు. డాక్టరుగారు ముందు ఎమర్జెన్సీ మెడిసిన్ లాంటి పెద్ద చదువు పూర్తి చేసి, ఆ పైన ఒక ఏడాది ఫెలోషిప్ చేస్తారు. అందులో నేర్పేది స్థూలంగా నాలుగు రకాలు. రోగి పడి ఉన్న చోటే, బండిలోనే వైద్యం చెయ్యడం ఒకటి. బండి సిబ్బందికి వైద్యపరంగా బాధ్యత వహించడం రెండు, అంటే వాళ్ళకి నేర్పడం, పద్ధతులు రాయడం, ఫోన్లో దారి చూపడం. జరిగిన ప్రతి కేసునీ తిరగేసి ఎక్కడ ఆలస్యమైంది, ఏది బాగా జరిగింది అని లెక్క తేల్చడం, పరిశోధన చెయ్యడం మూడు. పెద్ద ప్రమాదాలు, విపత్తులప్పుడు పనిచెయ్యడం నాలుగు. డాక్టరు రోజూ బండిలోనే తిరగాలని కాదు దీని అర్థం. ఒక్క డాక్టరు చదువు వంద బండ్లలోకి చేరడం అన్నమాట.

మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ని ఎం.డి. చదువుగా గుర్తించిందే 2009లో. వేరే శాఖలతో పోలిస్తే ఇది చంటిపిల్ల. బండిలో కూర్చునేవాళ్ళ చదువు మాత్రం అంతకు ముందే మొదలైంది. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు హైదరాబాదులోని ఇ.ఎం.ఆర్.ఐ.తో కలిసి రెండేళ్ళ కోర్సు పెట్టారు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం కూడా పారామెడిక్కులని ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ విద్యార్థులకి పాఠం పెట్టి మాస్టారిని పెట్టకపోతే ఎలా ఉంటుంది? వాళ్ళ వెనకాల నిలబడాల్సిన డాక్టరు చదువు కూడా అదే ఊపుతో రావాలి.

ఇక్కడ మీకు ఒక డాక్టరమ్మ గురించి చెప్పాలి. పేరు నాన్సీ కరోలిన్. అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊరుంది. అక్కడ నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే పేట పేరు హిల్ డిస్ట్రిక్ట్, కొండపేట అనుకోండి. 1960ల్లో అక్కడ ఎవరికైనా బాగోలేకపోతే పోలీసు బండి వచ్చి, వెనకాల పడేసి తీసుకెళ్ళేది. దారిలో వైద్యం లేదు. పీటర్ సఫార్ అనే డాక్టరు 1966లో తన కూతుర్ని ఆస్తమాతో పోగొట్టుకున్నారు. ఆ మరుసటేడే ఆ పేటలో ఫ్రీడమ్ హౌస్ అనే ఆంబులెన్స్ సేవ పుట్టింది. దాని శిక్షణకి ఆయన రూపం ఇచ్చారు. ఎవరూ ఉద్యోగం ఇవ్వని ఆ పేట కుర్రాళ్ళనే తీసుకుని, నెలల తరబడి నేర్పి, దేశం మొత్తం చూసి నేర్చుకునేలా తయారుచేశారు. తర్వాత వాళ్ళకి వైద్య బాధ్యురాలిగా వచ్చినావిడే నాన్సీ కరోలిన్. ఆవిడ గదిలో కూర్చుని సంతకాలు పెట్టి ఊరుకోలేదు. వాళ్ళతో బండెక్కింది, వాళ్ళు చేసింది చూసింది, దాన్నిబట్టి పాఠాలు రాసింది. ఆ పాఠాలే పారామెడిక్కుల జాతీయ పాఠ్యప్రణాళిక అయ్యాయి. 1975లో ఊళ్ళో పురపాలకులు సొంత సేవ పెట్టుకుని ఫ్రీడమ్ హౌస్‌ని మూసేశారు. సేవ పోయింది, పాఠం మిగిలింది. ఈ చదువు పుట్టిన చోటు పెద్దవాళ్ళ పేట కాదని మనం గుర్తుపెట్టుకోవాలి.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె" అంటారు. పి.హెచ్.సి.లో డాక్టరు దొరకడమే కష్టమైతే దారికి స్పెషలిస్టా అని. ఆ మాటలో బాధ ఉంది, కాదనను. కానీ ఆలోచించండి. డాక్టర్లు తక్కువ కాబట్టే రోగి ఎక్కువసేపు బండిలో ఉంటాడు. పట్నంలో పది నిమిషాల దారి అయితే బండిలో ఏం చేశారన్నది అంత తేడా చూపించకపోవచ్చు. కుందుర మనిషి సంగతి వేరు. కుందుర నుంచి జయపురం, జయపురం నుంచి ఘాట్ ఎక్కి కోరాపుట్. 2017లో అక్కడ షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ వచ్చాక కొంత నయం. అక్కడా కాదు, రిఫర్ అంటే సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం, విశాఖ. కోరాపుట్ నుంచి విశాఖకే సుమారు 200 కిలోమీటర్లు. అంత దారిలో బండే ఆస్పత్రి. ఆస్పత్రికి డాక్టరు అక్కర్లేదంటామా?

ఇంకో సంగతి. దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్ళడమే ఎప్పుడూ మంచిది కాదు. మెదడుకి దెబ్బ తగిలినవాణ్ణి స్కానింగ్ లేని చోటికి, ఆపరేషన్ కావలసిన గర్భిణిని మత్తు డాక్టరు లేని చోటికి చేరిస్తే మళ్ళీ ఇంకో బండి కోసం ఎదురుచూడాలి. ఎవరిని ఎక్కడికి నేరుగా తీసుకెళ్ళాలో నిర్ణయించే అధికారం, జ్ఞానం ఉన్న మనిషి ఒకరుండాలి. మన జిల్లాల్లో దీనికి రాష్ట్ర సరిహద్దు కూడా అడ్డం. రాయగడ రోగికి పార్వతీపురం దగ్గరే, కానీ అది వేరే రాష్ట్రం, వేరే 108. కొటియా దగ్గర 21 ఊళ్ళని రెండు రాష్ట్రాలూ మావేనంటాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆ ఊళ్ళు ఎవరి బండి కోసం చూడాలి?

2017 జనవరి 21 రాత్రి మన జయపురం, కోరాపుట్, రాయగడ మీదుగా వెళ్ళే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కూనేరు దగ్గర పట్టాలు తప్పింది. రాయగడ దాటగానే, ఆంధ్రలో. 40 మంది దాకా చనిపోయారు. అలాంటి చీకట్లో ముందుగా కావలసింది ఎవరిని ముందు ఎత్తాలో తేల్చగలిగిన మనిషి. గట్టిగా ఏడ్చేవాళ్ళ కన్నా ఏ చప్పుడూ చెయ్యనివాళ్ళకే ప్రమాదం ఎక్కువ కావచ్చు. ఎర్రచీటీ ఎవరికి, పసుపుచీటీ ఎవరికి, ఆకుపచ్చ ఎవరికి అని నిమిషంలో కట్టుకుంటూ పోవాలి. ఎవరి బండి ఏ ఊరికి పోవాలో రెండు రాష్ట్రాల వాళ్ళకీ ఒక్క నోటితో చెప్పాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఆ రాత్రికి ఆ రాత్రి నేర్చుకునే విద్య కాదిది.

కాబట్టి నేను కోరేది ఇది. కోరాపుట్ మెడికల్ కాలేజీ కేంద్రంగా, ఏడాదికి ఇద్దరు డాక్టర్లకైనా ఈ ఫెలోషిప్ ఇవ్వాలి. ఆ ఏడాదిలో కొన్ని నెలలు కచ్చితంగా బండిలోనే తిరగాలి. డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్ళకి నడిచి వెళ్ళాలి. ఆశా దీదీలతో కూర్చోవాలి. దారిలో పోయిన ప్రతి ప్రాణం గురించీ, తప్పు ఎవరిదని కాకుండా ఏం మార్చాలని, నెలకోసారి అందరూ కలిసి మాట్లాడాలి. విశాఖ, విజయనగరం డాక్టర్లని కూడా పిలిచి సరిహద్దు దాటే రోగుల కోసం ఒకే పద్ధతి రాసుకోవాలి. చదువు అయ్యాక కనీసం కొన్నేళ్ళు ఇక్కడి బండ్లకి బాధ్యత వహించాలి.

ఇందులో తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ఏం పని అంటారా? ఉంది. ఈ శిక్షణలో భాష ఒక పాఠం కావాలి. మన జిల్లాల్లో ఒడియా ఉంది, దేశియా ఉంది, కువి ఉంది, గదబ ఉంది, తెలుగు ఉంది. "ఆయాసం", "గుండెల్లో పట్టేసినట్టుంది", "కళ్ళు తిరుగుతున్నాయి", "కడుపులో తిప్పుతోంది", "ఒళ్ళు తేలిపోతోంది" ఇవన్నీ వేరువేరు జబ్బులకి దారి చూపే మాటలు. ఫోన్లో విన్నవాళ్ళకి ఇవన్నీ "ఒంట్లో బాగోలేదు"గా మారిపోతే పంపే బండి మారిపోతుంది, చెప్పే సలహా మారిపోతుంది. నీళ్ళు పోయాయా, రక్తం పోతోందా అన్న తేడా గర్భిణి చెల్లి సిగ్గుపడి చెప్పలేకపోతే, ఆవిడ మాటల్లోనే అడగగలిగినవాళ్ళు కావాలి. మాట అర్థమయ్యాకే మందు.

మన క్లాసులో కుందుర వాళ్ళున్నారు, రాయగడ వాళ్ళున్నారు, గుణుపూర్ వాళ్ళున్నారు. ఈ వ్యాసం కింద ఒక తెల్ల చార్టు అంటించాం. నొప్పికి, ఊపిరికి, రక్తానికి, పురుడుకి మీ ఇంట్లో, మీ అమ్మమ్మ నోట్లో ఉన్న మాటలు దాని మీద రాయండి. పక్కన ఒడియాలో అర్థం రాయండి. నిండాక మన మేడమ్‌గారి చేత ఒకసారి చూపించి, దగ్గర్లోని 108 సిబ్బందికి ఒక ప్రతి ఇద్దాం. ఫెలోషిప్ ఎప్పుడొస్తుందో ప్రభుత్వం చెప్పాలి. అది చదవడానికి వచ్చే డాక్టరుకి మొదటి పాఠం మాత్రం మనం ఇప్పుడే రాసి పెట్టొచ్చు.

రెండో సంవత్సరం విద్యార్థిని, తెలుగు శాఖ